రాక్‌కి బాస్ గిటార్ టోన్: క్లీన్‌గా ఉంచాలా, జీర పట్టించాలా?

నాలుగుతీగలు:
మా బ్యాండ్‌లో రెండు గిటార్లు, డ్రమ్స్, బాస్. ప్రెసిషన్ తరహా పాసివ్ (బ్యాటరీ లేని) బాస్, 45–105 మందం నికెల్ రౌండ్‌వౌండ్ తీగలు. క్లీన్‌గా వాయిస్తే కోరస్‌లో బాస్ వినబడదు. గిటార్ ఓవర్‌డ్రైవ్ పెడల్ (శబ్దానికి జీర పట్టించేది) వేస్తే వినబడుతుంది గానీ అడుగున బరువంతా పోతోంది. ఏ దారి మంచిది? వీలైతే అంకెలతో చెప్పండి.

మంద్రస్థాయి:
అడుగు భాగం క్లీన్‌గా వదిలేసి, పైభాగానికి మాత్రమే జీర పట్టించండి.

బరువు ఎందుకు పోతోందో ముందు చూద్దాం. లో-ఈ (అన్నిటికంటే లావు E) తీగ 41 హెర్ట్జ్, ఏ (A) తీగ 55. ట్యూబ్ స్క్రీమర్ తరహా గిటార్ పెడళ్లలో దాదాపు 720 హెర్ట్జ్ దిగువన గెయిన్ తగ్గిపోయేలా సర్క్యూట్ కట్టారు. గిటార్ బుడబుడలాడకుండా అది కావాలి, బాస్‌కి మాత్రం పునాది తవ్వేసినట్టే. ఇంకో సంగతి, క్లిప్పింగ్ అంటేనే తరంగం తలలు నరికి పై హార్మోనిక్స్ (మూల స్వరానికి రెట్లలో పలికే స్వరాలు) పెంచడం. చెవికి అదే వాల్యూమ్ అనిపించేలా తగ్గిస్తే నిజానికి తగ్గేది అడుగే.

అందుకే బ్లెండ్ నాబ్ (క్లీన్‌నీ జీరనీ కలిపేది) ఉన్న బాస్ పెడల్ తీసుకోండి. బాస్ (Boss) కంపెనీ ఓడీబీ-3లో దాన్ని బ్యాలెన్స్ అంటారు. సాన్స్‌ఆంప్ బాస్ డ్రైవర్‌లో, డార్క్‌గ్లాస్ బీ7కేలో బ్లెండ్ అనే ఉంటుంది. బీ7కేలో గ్రంట్ స్విచ్ కూడా ఉంది, డ్రైవ్ (జీర పుట్టించే) దశలోకి అడుగు ఎంత వెళ్లాలో అది తేలుస్తుంది. పాత సాన్స్‌ఆంప్‌లో మిడ్ (మధ్య ఫ్రీక్వెన్సీల) నాబ్ లేదు, దాని స్వభావమే మిడ్ తగ్గి ఉండటం. ఒంటరిగా వింటే బ్రహ్మాండంగా ఉంటుంది, రెండు గిటార్ల మధ్య మునిగిపోతుంది. కొత్త వెర్షన్‌లో మిడ్ ఇచ్చారు.

అమర్చే పద్ధతి:
బాస్ మీద వాల్యూమ్ పూర్తిగా, ఆంప్ ఈక్యూ (బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు) అంతా సగంలో, బ్లెండ్ మొదట సగంలో పెట్టండి. డ్రైవ్‌ని సున్నా నుంచి పెంచుతూ పోండి. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గొంతు జీరబోయినట్టు పలికే చోట ఆగండి. తర్వాత పెడల్ వేసీ తీసీ రెండు సార్లూ శబ్దం సమానంగా వచ్చేలా లెవెల్ సరిచేయండి. ఈ మెట్టు వదిలేస్తే మిగతాదంతా వృథా, ఎందుకంటే కాస్త గట్టిగా వినబడేదే మంచి టోన్ అని చెవి నమ్మేస్తుంది. చివరగా 250 హెర్ట్జ్ దగ్గర 2–3 డీబీ తగ్గించి, 700–900 మధ్య అంతే పెంచండి.

స్టీల్‌రౌండ్స్:
నేను ఇంకో వైపు నుంచి చెబుతాను. రెండు గిటార్లూ గట్టి డిస్టార్షన్‌లో ఉంటే మూడో జీర దేనికండీ? అందరూ ఒకే చోట గరుకుగా ఉంటే ఎవరి స్వరమూ విడిగా తెలియదు. ఏసీ/డీసీ బ్యాండ్‌లో రెండు గిటార్ల కింద బాసిస్టు క్లిఫ్ విలియమ్స్ చేసింది చూడండి: మ్యూజిక్‌మన్ స్టింగ్‌రే బాస్, పిక్ (మీటే పలక), సూటిగా ఎనిమిదో వంతు స్వరాలు. మోటర్‌హెడ్ బ్యాండ్‌లో ముగ్గురే ఉన్న కాలంలో లెమ్మీ తన రికెన్‌బాకర్ బాస్‌ని మార్షల్ ఆంప్‌లోకి తోసి రెండో గిటార్ జాగా నింపేవాడు. ఒక గిటారే ఉంటే, ముఖ్యంగా సోలో వచ్చినప్పుడు కింద ఖాళీ పడకుండా జీర కావాలి. రెండు ఉంటే ముందు పిక్ ప్రయత్నించండి, తీగలు మార్చండి. పాతబడిన తీగల్లో పై హార్మోనిక్స్ చచ్చిపోయి ఉంటాయి, దాని మీద ఎంత డ్రైవ్ వేసినా బుస తప్ప కాటు రాదు.

మంద్రస్థాయి:
పిక్ సంగతి ఒప్పుకుంటాను. గిటార్ల గెయిన్ పావు వంతు తగ్గించమని అడగడం కూడా అన్ని పెడళ్ల కంటే చవక. కానీ "క్లీన్" అని మనం అనుకునే చాలా రాక్ రికార్డింగుల్లో బాస్ పూర్తి క్లీన్ కాదు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల ట్యూబ్ ఆంప్. దాన్ని కాస్త తోస్తే వచ్చే జీర విడిగా వింటే తెలుస్తుంది, పాటలో బాస్ ముందుకొచ్చినట్టే ఉంటుంది. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్‌ని పలికించలేదు. అది పలికించగల పై హార్మోనిక్స్ బలంగా ఉంటేనే చెవి ఆ స్వరాన్ని పట్టుకుంటుంది. రెండు గిటార్లున్నా 20–30 శాతం బ్లెండ్ పనికొచ్చేది అందుకే.

లైవ్‌సౌండ్:
స్టేజీ మీద ఎక్కువగా జరిగే పొరపాటు: డీఐ బాక్సుని (బాస్ సిగ్నల్‌ని నేరుగా మిక్సర్‌కి పంపేది) పెడళ్లకు ముందు పెట్టేస్తారు. మీకు ఆంప్‌లో జీర, జనానికి పచ్చి క్లీన్. పెడళ్ల తర్వాత డీఐ తీయమనండి. ఆంప్ వెనక ప్రీ/పోస్ట్ స్విచ్ ఉంటే అది ఎటుందో చూసుకోండి. క్యాబినెట్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించేది) లేకుండా డ్రైవ్ సిగ్నల్ నేరుగా మిక్సర్‌కి వెళ్తే తేనెటీగల రొద వస్తుంది. 4–5 కిలోహెర్ట్జ్ పైన కోత పెట్టించండి. క్యాబినెట్‌లో ట్వీటర్ ఉంటే డ్రైవ్ పాటలకు ఆపేయండి.

హమ్ కూడా డ్రైవ్‌తో పెరుగుతుంది. మన దగ్గర 50 హెర్ట్జ్ కరెంటు, దాని 100 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దం సరిగ్గా బాస్ జాగాలోనే కూర్చుంటుంది. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కి చూడండి. గోడ ప్లగ్గులో ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ విరవకండి, ప్రాణాలకే ముప్పు. అమెరికా నుంచి తెప్పించుకునే పెడళ్లతో వచ్చే అడాప్టర్ మీద 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటే ఇక్కడి 230లో పెట్టొద్దు. 100–240 అని ఉంటేనే వాడండి.

నాలుగుతీగలు:
ఇంట్లో రికార్డ్ చేసేటప్పుడు ఒకే డీఐ ట్రాక్‌ని రెండుగా చేసి, ఒకటి క్లీన్, ఒకటి డ్రైవ్ పెడితే కలిపాక పల్చబడుతోంది. ఎందుకు?

మంద్రస్థాయి:
ఫేజ్, అంటే రెండు తరంగాల హెచ్చుతగ్గులు ఒకే సమయంలో పడకపోవడం. డ్రైవ్ ప్లగిన్ లేదా బయటి మోడలర్ 3 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే 167 హెర్ట్జ్ దగ్గర రెండు తరంగాలూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. లో-ఈ నాలుగో హార్మోనిక్ 165, అంటే నేరుగా దాని మీదే దెబ్బ. రెండు ట్రాకుల్నీ బాగా జూమ్ చేసి, మొదటి దెబ్బ అంచులు కలిసేలా జరపండి. తర్వాత ఒకదాని పొలారిటీ (తరంగం పైకిందులు) తిప్పి చూడండి, ఎటు తిప్పితే అడుగు లావుగా వినబడుతుందో అదే సరైనది.

క్లీన్ ట్రాక్‌కి 250 పైన కోత, డ్రైవ్ ట్రాక్‌కి 250 కింద కోత, రెండింటికీ ఒకే వాలు: ఆక్టేవ్‌కి 24 డీబీ. కంప్రెసర్ (పెద్ద శబ్దాలను నొక్కి సమం చేసేది) క్లీన్ దానికే చాలు: 4:1, అటాక్ 20–30 మిల్లీసెకన్లు, 4–6 డీబీ తగ్గింపు. డ్రైవ్ ట్రాక్ ఎలాగూ తనంతట తానే నొక్కుకుపోయి ఉంటుంది.

స్టీల్‌రౌండ్స్:
ఇలాంటిదే రికెన్‌బాకర్ బాస్ తన రిక్-ఓ-సౌండ్ అవుట్‌పుట్‌తో వాద్యంలోనే చేస్తుంది. మెడ వైపు పికప్ ఒక దారిన, బ్రిడ్జ్ పికప్ ఇంకో దారిన బయటికొస్తాయి. బ్రిడ్జ్ దానికే డ్రైవ్ వేస్తే సరి.

నాలుగుతీగలు:
ఆఖరిది. ఒక పాటలో రెండేసి స్వరాలు కలిపి వాయించాలి. డ్రైవ్ ఉంచవచ్చా?

మంద్రస్థాయి:
పంచమమైతే ఉంచండి. డి తీగ 2వ ఫ్రెట్ ఈ స్వరం (E, 82), జీ తీగ 4వ ఫ్రెట్ బీ (123): డ్రైవ్ వీటి తేడాని కూడా పుట్టిస్తుంది, అది 41, అంటే కింది E. ఉచితంగా లావు వస్తుంది. అదే ఈ (E) స్వరం పక్కన జీ తీగ 1వ ఫ్రెట్ జీ-షార్ప్ (104) పెడితే తేడా 21. అది స్వరంగా వినబడదు, కోన్‌ని ఊపి బురద చేస్తుంది. ఆ జీ-షార్ప్‌ని ఒక ఆక్టేవ్ పైకి తీసుకెళ్లండి: లో-ఈ తీగ 12వ ఫ్రెట్, జీ తీగ 13వ ఫ్రెట్. అప్పుడు తేడా 125, బీకి దగ్గర. శుభ్రంగా కూర్చుంటుంది.