సుంకి ఘాట్‌లో పలికిన వైజాగ్ ఎఫ్ఎం ఏది?

రాయగడ పిల్లోడు

పెద్దలకి నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ. చిన్నప్పుడు వేసవి సెలవులకి సాలూరులో బస్సెక్కి సిమిలిగుడ, అమ్మమ్మగారింటికి వెళ్లేవాళ్లం. సుంకి దగ్గర ఘాట్ ఎక్కుతుంటే డ్రైవర్ పక్కనున్న రేడియో ఒక మలుపులో గుర్రుమనేది, తర్వాతి మలుపులో ఖంగుమని తెలుగు పాట అందుకునేది. ఇంకో మలుపు తిరిగేసరికి మళ్లీ పోయేది. నాకు వాంతులని అమ్మ చేతిలో నిమ్మకాయ పెట్టి ముందు సీట్లో కూర్చోబెట్టేది, అందుకే ఇదంతా గుర్తు. ఆ స్టేషన్ ఏది? వైజాగ్‌లో మిర్చియే మొదటిదని మా బావ అంటాడు. ఇంకొకటి, వైజాగ్‌లో అన్ని ఎఫ్ఎంలు ఉంటే మన రాయగడకి, జయపురానికి ఒక్క ప్రైవేటు స్టేషనూ ఎందుకు రాలేదు?

పార్వతీపురం బస్టాండ్

మిర్చియే తమ్ముడూ, 98.3. ఫోన్‌లో ఇయర్‌ఫోన్ గుచ్చితేనే పలికేది, ఆ తీగే ఏంటెనా కదా. బావతో పందెం గానీ కాశావా ఏంటి?

సిమిలిగుడ రేడియో రిపేరు

బావని కాస్త ఆగమనండి. ముప్పై ఏళ్లు సిమిలిగుడలో రేడియోలూ టీవీలూ బాగుచేసినవాణ్ని. ఇప్పుడు కొట్టులో మొబైల్ కవర్లు అమ్ముతున్నాను, అది వేరే ఏడుపు.

మిర్చి రాకముందే విశాఖలో ప్రైవేటు ఎఫ్ఎం ఉంది. పేరు విశాఖ ఎఫ్ఎం, చెన్నై సన్ టీవీ వాళ్లది. తర్వాత దాన్నే ఎస్ ఎఫ్ఎం అన్నారు, ఆ తర్వాత రెడ్ ఎఫ్ఎం అయింది. ఇవాళ 93.5 మీద పలికేది ఆ స్టేషనే, పేరే మారింది.

1999లో కేంద్రం 40 ఊళ్లకి 108 ఫ్రీక్వెన్సీలు వేలానికి పెట్టింది. బెంగళూరులో రేడియో సిటీ 2001 జూలై 3న మొదలైంది, దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం అదే. మిర్చి వాళ్ల తొలి స్టేషన్ ఆ అక్టోబరులో ఇండోర్‌లో పెట్టారు, మన వైపు కాదు. ఆ 108లో చివరికి నిలబడ్డవి 12 నగరాల్లో 21. ఆ పన్నెండింట్లో విశాఖ ఉంది, హైదరాబాద్ లేదు! హైదరాబాద్ వాళ్లు 2006 దాకా ఆగాల్సొచ్చింది. ఈ మాట మా అల్లుడికి చెబితే ఇప్పటికీ నమ్మడు, వాడిది సికింద్రాబాద్.

మిగతావాళ్లు ఎందుకు చేతులెత్తేశారంటే ఫీజు. వేలంలో పాడిన లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరిగేది. ఐదేళ్లు తిరిగేసరికి రెట్టింపు. ప్రకటనలు రెట్టింపు అవుతాయా? అవలేదు. అప్పుడు కేంద్రం వేసిన అమిత్ మిత్రా కమిటీ కూర్చుని, ఏటేటా పెరిగే ఫీజు వద్దు, ఆదాయంలో వాటా తీసుకోండి అంది. 2005లో రెండో విడతకి ఆ పద్ధతే పెట్టారు. ముందు ఒకేసారి ఎంట్రీ ఫీజు, తర్వాత ఏటా రాబడిలో 4 శాతం. ఆ విడతలోనే విశాఖలో మిర్చీ, రేడియో సిటీ వగైరా దిగాయి. ఒడిశాకి మొదటి ప్రైవేటు ఎఫ్ఎం వచ్చిందీ అప్పుడే, 2007లో, భువనేశ్వర్‌లో రేడియో చాక్లెట్, 104.

ఇక మీ ఘాట్ సంగతి. ఎఫ్ఎం తరంగం చూపులాంటిది, కొండ అడ్డొస్తే అంతే. మీడియం వేవ్ అలా కాదు, విశాఖ ఆకాశవాణి 927 మా ఇంట్లో మంచం కింద పెట్టినా పలికేది. ఘాట్ పైనున్న పొట్టంగి దగ్గర్నుంచి విశాఖకి గీత గీస్తే వంద కిలోమీటర్లు ఉంటుందేమో. ఎత్తు మీద ఉన్నాం కాబట్టి అనంతగిరి కొండలు తప్పుకున్న చోట వస్తుంది, తప్పుకోని చోట రాదు. మీ బస్సు మలుపు తిరిగినప్పుడల్లా జరిగింది అదే.

పొట్టంగిలో ఒక టీ హోటల్ ఉండేది. ఓనరు బొబ్బిలి మనిషి. "ఏటి మేస్త్రీ, పైన మలుపులో లారీల్లో పలుకుతాది, నా కొట్లో పలకదేటి?" అని ప్రాణం తీసేవాడు. పాత దూరదర్శన్ ఏంటెనా ఒకటి పడుంటే దాని గొట్టాలు కోశాను. ఒక్కో వైపు రెండున్నర అడుగులు, మధ్యలో వేలెడు సందు, అక్కణ్నుంచి టీవీ రిబ్బన్ తీగ. వెదురుకి కట్టి రేకుల మీద నిలబెట్టి కొంచెం కొంచెంగా తిప్పుతున్నాం. ఆయన కింద సాస్‌పాన్ పట్టుకుని "వచ్చింది... పోయింది... వచ్చింది" అంటున్నాడు. పాలు పొంగిపోయాయి. 93.5 నిలబడింది. డబ్బులు తీసుకోలేదు, ఏడాదిపాటు టీ తాగాను.

జయపురం చీరల కొట్టు

మేస్త్రీగారూ, మీరు ప్రకటనలంటే నా గాయం గుర్తొచ్చింది. పెళ్లిళ్ల సీజనుకి మనవాళ్లంతా వైజాగ్ పోయి చీరలు కొంటారు. వాళ్లని ఆపుదామని నేనూ వైజాగ్‌లో ఒక ఎఫ్ఎంకి నెల రోజులు ప్రకటన ఇచ్చాను. ఏ స్టేషనో చెప్పను, పాత గొడవ. పది సెకన్ల లెక్కన అమ్ముతారు, పది సెకన్లలో కొట్టు పేరు, ఊరు, ఫోన్ నంబరు చెప్పాలి. చదివిన అమ్మాయి జయపురం అనకుండా 'జైపూర్' అంది. ఇక చూడండి, గాజువాక నుంచి ఫోన్లు, "అన్నా, రాజస్థాన్ బాంధనీ ఉందా, కొరియర్ చేస్తారా?" అని. సరిచేయమంటే వారం పట్టింది, ఆ వారానికి డబ్బు తిరిగివ్వలేదు. పైగా జయపురంలో ఆ స్టేషనే రాదు. నా ప్రకటన నేను ఒక్కసారీ వినలేదు.

రాయగడ పిల్లోడు

మావయ్యా, బావకి మీ జవాబు ఫార్వర్డ్ చేశాను, చూసి ఊరుకున్నాడు. ఆ రెండో ప్రశ్న మిగిలిపోయింది. మన ఊళ్లకి ఎందుకు రాలేదు?

సిమిలిగుడ రేడియో రిపేరు

జనాభా బాబూ. 2011 నాటి మూడో విడత నియమం ప్రకారం లక్ష దాటిన ఊళ్లకే ఇస్తారు. సరిహద్దు ఊళ్లకి మినహాయింపు ఉంది గానీ అది జమ్మూ కశ్మీర్‌కీ ఈశాన్య రాష్ట్రాలకీ. మనది ఆంధ్రా సరిహద్దు, ఎవరికీ లెక్కలోకి రాదు. 2011 లెక్కల్లో జయపురం లక్షకి తక్కువే, రాయగడ ఇంకా తక్కువ. 2024 ఆగస్టులో కేంద్రం 234 కొత్త ఊళ్లలో 730 ఛానళ్ల వేలానికి సరేనంది, అందులో మీ దగ్గర్లో విజయనగరం, శ్రీకాకుళం ఉన్నాయి. విజయనగరంలో టవర్ లేస్తే సుంకి మలుపుల్లో గట్టిగా పలుకుతుందని నా అంచనా. రాయగడకి మాత్రం ఆశ పెట్టుకోకు, చుట్టూ కొండలే.

చీరల అన్నగారూ, మీ ప్రకటన ఆ పొట్టంగి హోటల్లో పలికే ఉంటుంది. ఆయన కొట్టు మూసేసి ఊరెళ్లిపోయాడు గానీ, లేకపోతే అడిగేవాణ్ని.

రాయగడ పిల్లోడు

అమ్మమ్మగారింట్లో తాతయ్య ఫిలిప్స్ రేడియో ఉంది. ఎఫ్ఎం పలకదు, ఊరికే బుస్సుమంటుంది. దానికి ఆ గొట్టాల ఏంటెనా కడితే వస్తుందా?

సిమిలిగుడ రేడియో రిపేరు

ముందు బ్యాండ్ స్విచ్ తుడవాలి, అందులో తుప్పే ఉంటుంది. దాని మీద ఎఫ్ఎం అని రాసి ఉందో లేదో కూడా చూడు, చాలా పాతదైతే అసలు ఆ బ్యాండే ఉండదు. ఉంటే పట్టుకురా. రిబ్బన్ తీగ నా దగ్గర రెండు గజాలు మిగిలుంది. ఆదివారం రావద్దు, సంత రోజు, కొట్టు ముందు నిలబడ్డానికి చోటుండదు.