ఆరోగ్యశ్రీ బీమా కంపెనీల చేతికెళ్తే చిన్న ఆస్పత్రులు నిలుస్తాయా?

ముప్పై పడకల డాక్టరు:
2025 సెప్టెంబరులో ఏపీ కేబినెట్ ఒప్పుకున్న పద్ధతి ఇది: రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ప్రభుత్వ ట్రస్టు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నా జనం నోట ఆరోగ్యశ్రీయే. మాబోటి నర్సింగ్‌హోమ్‌కి వచ్చే కేసులు దాదాపు అన్నీ రెండున్నర లక్షల లోపే. అంటే మేం మొత్తం కంపెనీ చేతికి వెళ్తాం. ఆ రుచి నాకు తెలుసు. ఒక ప్రైవేటు పాలసీ మీద తుంటి ఆపరేషన్ చేశా. ఎముకకి బిగించిన ప్లేటు తాలూకు కంపెనీ స్టిక్కరు కేస్‌షీటులో అంటించాం. స్కాన్‌లో మసకగా ఉందని ప్లేటు డబ్బు మొత్తం కోసేశారు.

తెనాలి అల్లుడు:
మసకగా ఎందుకు పంపారు సార్? ఫోన్‌తో ఫొటో తీసినా స్పష్టంగా వస్తుందిగా.

ముప్పై పడకల డాక్టరు:
విషయం స్టిక్కరు కాదండీ.

తెనాలి అల్లుడు:
మీరే కదా ఎత్తారు.

పాత క్లెయిముల గుమాస్తా:
టీపీఏలో, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థలో, నాలుగేళ్లు చేశా. కంపెనీకి ప్రీమియం ముందే వస్తుంది, ఖర్చు కాకుండా మిగిలిందే లాభం. చెల్లింపుకి గడువు పెడితే చివరి రోజు క్వెరీ వేస్తాం, అంటే ఇంకో కాగితమో వివరమో అడుగుతాం, లెక్క మళ్లీ మొదటికి. కార్పొరేట్ వాళ్లకి క్వెరీలకే ఓ గది నిండా మనుషులుంటారు. చిన్నచోట డ్యూటీ దిగిన సిస్టరమ్మే కూర్చుని అప్‌లోడ్ చేస్తుంది.

కృష్ణా కాలువ:
ట్రస్టు మాత్రం టైముకి ఇచ్చిందా ఏంటి?

తెనాలి అల్లుడు:
అదీ మాట. 2025 అక్టోబరులో బకాయిల కోసం ఈ పథకంలో ఉన్న నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపినప్పుడే మా అత్తగారు బాత్రూంలో జారిపడ్డారు. తుంటి విరిగింది. ఒకచోట ‘కార్డు నడవదు, లక్షా పాతిక కట్టండి’ అన్నారు. మా ఆవిడ గాజులు తీసిచ్చింది. మీరూ ఆపారా డాక్టరుగారూ?

ముప్పై పడకల డాక్టరు:
ఆపాను. మందుల ఏజెన్సీవాడు అప్పివ్వనన్నాడు. జీతాలకి మా ఆవిడ నగలూ బ్యాంకులోనే ఉన్నాయి, చూస్తారా రసీదు?

తెనాలి అల్లుడు:
మీ బాకీ వసూలుకి మా అత్తగారి తుంటి తాకట్టా?

ముప్పై పడకల డాక్టరు:
ఆపకపోతే ఎవడు విన్నాడు? వినతిపత్రాలు ఇచ్చి ఇచ్చి అలిసిపోయాం.

కృష్ణా కాలువ:
ఇద్దరి గాజులూ పోయాయి. చర్చ మాత్రం స్టిక్కరు మీద.

తెనాలి అల్లుడు:
బీమానో ట్రస్టో నాకొద్దు. పేషెంటు మంచమెక్కాక ఆపడానికి వీల్లేదని రాయండి, చాలు.

ముప్పై పడకల డాక్టరు:
రాయమనండి. ఆలస్యమైతే మాకు వడ్డీ ఇవ్వాలని కూడా ఆ కాగితం మీదే రాయమనండి. అప్పుడు సంతకం పెడతా.

తెనాలి అల్లుడు:
వడ్డీ దాకా వెళ్లారంటే మీదీ వ్యాపారమే.

ముప్పై పడకల డాక్టరు:
వ్యాపారమే. కరెంటు బిల్లు సేవకి మాఫీ కాదు.

తెనాలి అల్లుడు:
సరే. ఇంతకీ ఆ స్టిక్కరు మళ్లీ పంపారా లేదా?

ముప్పై పడకల డాక్టరు:
కేస్‌షీటే పట్టుకెళ్లి బల్ల మీద పెట్టా. ఒరిజినల్ చెల్లదు, స్కానే కావాలన్నారు.