3.5 లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు: డీజిల్ ఎస్‌యూవీనా, వేగనారా?

సూర్యాపేట కుర్రాడు:
అందరికీ నమస్తే. నేను మియాపూర్‌లో ఉంటా, ఆఫీసుకి మెట్రోలోనే వెళ్తా. నెలకోసారి ఊరికి (సూర్యాపేట దగ్గర), మధ్యలో అమ్మని మోకాళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడానికి కారు కావాలి. బడ్జెట్ 3.5 లక్షలు, లోన్ వద్దు. 2013 డీజిల్ ఎస్‌యూవీ ఒకటి 3.4కి ఇస్తానంటున్నాడు, లక్షా ఇరవై వేలు తిరిగింది, విజయవాడ బండి, ఏపీ 16 నంబర్, చూస్తే మాత్రం అదిరిపోయింది, సన్‌రూఫ్ కూడా పెట్టించాడు. ఇంకోటి 2016 వేగనార్, 2.9 చెప్తున్నారు. మనసేమో మొదటి దాని మీదే ఉంది, ఏమంటారు?

గ్రీజు చేతులు:
తమ్ముడూ, నువ్వు రాసిందాంట్లోనే జవాబుంది. నెలకి ఊరు పోయిరావడం 270, సిటీలో ఇంకో 130, మొత్తం 400 కిలోమీటర్లు. వేగనార్ లీటరుకి 16 ఇచ్చినా 25 లీటర్లు, పెట్రోల్ 107 వేసుకుంటే 2,675. ఆ ఎస్‌యూవీ 14 ఇస్తే 28 లీటర్ల పైనే, డీజిల్ 95 అనుకున్నా 2,700 దాటుద్ది. అంటే డీజిల్ అన్న పేరే గానీ నీకు మిగిలేదేం లేదు, పైగా ఆ వయసు బండికి టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్‌లో ఏ ఒక్కటి పోయినా నీ దగ్గర మిగిలేది పదివేలు. 2028కి దానికి పదిహేనేళ్ళు నిండుతాయి, అప్పుడు ఫిట్‌నెస్, ఆర్‌సీ రెన్యూవల్, గ్రీన్ టాక్స్. ఏపీ బండి కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్ పడుతుందో లేదో ముందే కనుక్కో, పడితే అది కూడా ఆ 3.4 మీద కలుపుకో.

బై_నిజాంపేట్:
సన్‌రూఫ్ ఏం జేస్కుంటవ్ అన్నా మన ఎండలకి? అదీ బయట కోయించింది, వానొస్తే నెత్తి మీదనే పడ్తది 😄

అమ్మ కారు:
లెక్కలు సరే, మా అమ్మకీ మోకాళ్ళే కాబట్టి చెప్తున్నా. ఎత్తు బండికి కాలు పైకి ఎత్తి ఎక్కాలి, సెడాన్ అయితే కిందకి కూలబడాలి, లేవడం ఇంకా నరకం. వేగనార్‌లో సీటు తుంటి ఎత్తులో ఉంటుంది, పక్కకి కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకుంటే చాలు. మీరు కాదు, ఆవిడ ఎక్కి దిగాలి, రెండిట్లోనూ.

గ్రీజు చేతులు:
పైన చెప్పింది వంద శాతం. వేగనార్ చూడ్డానికి పొద్దున్నే పో, స్టార్ట్ చేయకముందే బానెట్ మీద చెయ్యి పెట్టు, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచాడని అర్థం. బానెట్ బోల్టుల మీద పెయింట్ లేచిపోయి ఉంటే విప్పారన్నమాట, ఎందుకో అడుగు. సీట్ బెల్టు చివరిదాకా లాగు, బురద మరక గానీ, సీటు కింద పట్టాలకి తుప్పు గానీ కనిపిస్తే నీళ్ళలో మునిగిన బండి, 2020 అక్టోబర్ వానల్లో సిటీలో చాలా కార్లు మునిగాయి. టైరు మీద నాలుగంకెలుంటాయి, 3219 అంటే 2019లో 32వ వారం. చలాన్లు, లోన్ ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకో. ఫారం 29, 30 (బండి నీ పేరు మీదకి మార్చే కాగితాలు) సంతకాలయ్యాకే మొత్తం డబ్బులియ్యి.

సూర్యాపేట కుర్రాడు:
అమ్మని నిన్న తీసుకెళ్ళా. ఎస్‌యూవీ ఎక్కడానికి నా భుజం పట్టుకుంది, ఏం అనలేదు. వేగనార్‌లో తనే కూర్చుని డోర్ వేసుకుని "ఇక పోనీయ్" అంది. బెల్టు లాగి చూశా, శుభ్రంగానే ఉంది, టైర్లు మాత్రం 2018వి, వాటికి ఎంత తగ్గించమనాలో చెప్పండి.

గ్రీజు చేతులు:
నాలుగు టైర్ల రేటు షాపులో కనుక్కుని అంత తగ్గించమని అడుగు, సగానికైనా దిగుతాడు.