మైకు పెట్టగానే శ్రుతి తగ్గుతోంది, కళ్లు మూస్తే గొంతు వణుకుతోంది: చెవి లోపమా, సాధన లోపమా?

సరళీవరసలు (ప్రశ్న):
విద్యార్థినికి పదమూడేళ్లు, ఐదున్నర శ్రుతి (ఆమె పాడే ఆధార షడ్జం, అంటే ‘స’ ఎత్తు). తంబుర పక్కన కూర్చుని పాడితే ఎక్కడా తొణకదు. గుడి మండపంలో మైకు ముందు మాత్రం తారషడ్జం (పైస్థాయి ‘స’) దగ్గర శ్రుతి అందదు, అరిచినట్టు పాడుతుంది. బృందగానంలో నిలబడి కళ్లు మూసుకుంటే ఒళ్లు ఊగుతుంది, దీర్ఘస్వరం వణుకుతుంది. వినికిడి పరీక్షలో ఏ లోపమూ లేదన్నారు. ఎక్కడ నుంచి సరిదిద్దాలి?

మైక్‌సెట్_మాధవ్:
పిల్లను అనేముందు మండపాన్ని చూడండి. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లోంబార్డ్ 1911లోనే గుర్తించాడు. వద్దని చెప్పినంత మాత్రాన ఆగే అలవాటు కాదది. రెండోది ఆలస్యం. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 34 మీటర్ల దూరంలో ఉన్న గోడకు తగిలి తిరిగొచ్చిన గొంతు 200 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. ఆ మాత్రం ఆలస్యానికి మామూలు మాటే తడబడుతుంది, ఇక గమకం సంగతి చెప్పాలా?

పాడేవారికి విడిగా ఒక మానిటర్ (పాడేవారి వైపు తిప్పిన స్పీకరు) అడగండి. అందులో ఆమె గొంతు, తంబుర ఉంటే చాలు. మృదంగం అసలే పక్కన వినిపిస్తుంది, దాన్ని మళ్లీ మానిటర్‌లో కలిపితే గొంతు మునిగిపోతుంది. కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకైతే మానిటర్ సరిగ్గా మైకు వెనకవైపు ఉండాలి, పక్కన పెడితే కూత వస్తుంది. సాధనలో బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో తన గొంతు తాను వింటూ పాడనివ్వకండి. అక్కడా ఇదే ఆలస్యం.

స్వరపేటిక:
మాధవ్ గారు చెప్పింది సగం. మానిటర్ దొరకని కచేరీలే ఎక్కువ కాబట్టి మిగతా సగం సాధనలోనే రావాలి.

చెవి విని శ్రుతి సరిచేయడానికి పదో వంతు సెకను, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అంటే స్వరం ఎత్తుకునే క్షణంలో చెవి చేయగలిగింది లేదు. స్వరతంత్రులు ఎంత బిగియాలో కండరాలకు ముందే తెలిసి ఉండాలి. హార్మోనియం మీద ప్రతి స్వరమూ వాయిస్తూ పాడించే పిల్లలకు ఈ ఎరుక రాదు, వాళ్లు ఎప్పుడూ విన్నదాని వెనకే పోతుంటారు.

శ్రుతిపెట్టె పెట్టి షడ్జం వినిపించండి, ఆపేయండి. రెండు ఊపిరులు పోనిచ్చి, నోరు మూసి మకారంతో అదే షడ్జం ఎత్తుకోమనండి. 5 సెకన్లు నిలిపాక పెట్టె మళ్లీ పెట్టి ఎంత తేడా ఉందో ఆమెనే చెప్పమనండి. ఇది కుదిరాక పంచమం, ఆ తర్వాతే తారషడ్జం. చివరగా, తన గొంతు సన్నగా మాత్రమే వినపడేలా ఫ్యాను పక్కన కూర్చోబెట్టి, బలం పెంచకుండా అవే పాడించండి. ఫోన్‌లో రికార్డు చేసి తర్వాత వినిపించండి.

ఒక జాగ్రత్త. రొమ్ము మీద చెయ్యి పెట్టి కంపనం చూసుకోమనడం మంద్ర, మధ్యస్థాయిలకు బాగుంటుంది. ఐదున్నరలో తారషడ్జం దాదాపు 415 హెర్ట్జ్, అక్కడ రొమ్ములో అదురు సహజంగానే తగ్గుతుంది. దాన్ని వెతుక్కుంటూ బలం పెడితే స్వరతంత్రులు మందంగానే ఉండిపోయి, సాగాల్సినంత సాగవు. మీరు చెప్పిన లక్షణం ఇదేననిపిస్తోంది. పైస్థాయిలో ముక్కు మొదలు, బుగ్గల ఎముకల దగ్గర గమనించమనండి.

నడక_నిలకడ (ఫిజియో):
వినికిడి పరీక్ష మామూలుగా వస్తే లోపలి చెవి మొత్తం బాగుందని కాదు. ఆ పరీక్ష శబ్దానికి సంబంధించిన భాగాన్నే చూస్తుంది. తల తిరుగుడును పట్టే మూడు అర్ధవృత్తాకార నాళాలు, వాలును పట్టే రెండు సంచులు దాని పక్కనే ఉన్నా, వాటికి పరీక్షలు వేరు.

నిలకడకు కళ్లు, లోపలి చెవి, పాదాలు-కీళ్ల స్పర్శ మూడూ కావాలి. కళ్లు మూస్తే ఎవరికైనా కొద్దిగా ఊగుతుంది. పడిపోతానేమోనని మోకాళ్లు బిగిస్తే పొట్ట, మెడ కూడా బిగుస్తాయి. ఊపిరిని కొలిచి వదలాల్సింది ఆ పొట్ట కండరాలే, స్వరపేటిక వేలాడేది ఆ మెడలోనే. వణుకు అక్కడి నుంచి వస్తుంది.

చెప్పులు లేకుండా, పాదాలు దగ్గరగా, కళ్లు మూసుకుని 30 సెకన్లు నిలబెట్టండి. పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. తర్వాత మెత్తటి దిండు మీద అలాగే. నేల మీద నిలబడగలిగి దిండు మీద మాత్రం పడబోతే లోపలి చెవిని అనుమానించి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. రెండూ బాగుంటే సాధన చాలు: పాదాలు తుంటి వెడల్పులో, మోకాళ్లు సడలించి, ఒక బిందువు చూస్తూ 10 సెకన్ల షడ్జం. వణుకు పోయాక కళ్లు మూసి, ఆ తర్వాత పాదాలు దగ్గరచేసి. బృందంలో పక్కవారికి అరమీటరు ఎడం ఇస్తే తన గొంతు తనకు వినపడుతుంది.

ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోయినా, వాంతులతో తల తిరిగినా సాధన మాట పక్కనబెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సరళీవరసలు:
కృతజ్ఞతలండీ. ఒక చెవిలో వేలు పెట్టుకుని పాడుతుంది, మాన్పించాలా?

స్వరపేటిక:
శ్రుతి పట్టుకోవడానికైతే తప్పులేదు. కానీ చెవి మూస్తే ఎముక గుండా వచ్చే కిందిస్థాయి శబ్దం పెద్దదై, గొంతు ఉన్నదానికంటే నిండుగా వినిపిస్తుంది. అకారం మూసుకుపోతున్నా తెలియదు. వేలు బదులు అరచేతిని చెవి వెనక దొప్పలా పెట్టుకోమనండి.