ఫోన్ల చెప్పిన రేటు తక్‌పట్టిల (రైతుకు రాసిచ్చే లెక్క కాగితంల) పడ్డది. మీ పనులల్ల మీరెట్ల జాగ్రత్త పడుతున్నరు?

అందరికి నమస్తే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం) 18 ఏండ్ల నుంచి గుమాస్తాగ చేస్తున్న. మిర్చి సీజన్ల నా బల్ల మీద రెండు ఫోన్లుంటయి, ఒకటి నాది, ఒకటి దుకాణంది. జెండా పాట (పొద్దుగాల మొదటి వేలం) అయినకాన్నుంచి మోగుడే మోగుడు. లారీ డ్రైవర్లు, కోల్డ్ స్టోరేజీ వాళ్లు, ‘ఇయ్యాల తేజ రకం మిర్చి ఎంత పోయింది’ అని ఊర్లకెల్లి రైతులు. ఇగ వాట్సాప్ గ్రూపులు సరేసరి. ఫోన్ భుజానికి చెవికి నడుమ ఇరికిచ్చుకొని తక్‌పట్టి రాసుడు నాకు అలవాటు. ‘వీనికి నాలుగు చేతులు’ అని సేటు నలుగురిల అంటే సంబరపడేటోన్ని.

పోయిన నెల చిట్యాల దిక్కు నుంచి ఒక పెద్దమనిషి 27 బస్తాల తేజ తెచ్చిండు. కాంటా 11 క్వింటాళ్ల 34 కిలోలు, రేటు 14,300. నేను రేటు గడి కాడికి వచ్చేసరికి ఫోన్ల ఇంకో రైతుకు ఆయన సరుకు రేటు చెప్తున్న, పదమూడు వేల నాలుగొందలని. నోరు ఏదన్నదో చెయ్యి అదే రాసింది. క్వింటాలుకు 900 లెక్కన 10,206 రూపాయలు తక్కువ పడ్డయి. ఆయన చదువుకోలే. ఇచ్చినయి రుమాలుల కట్టుకొని, నాకే దండం పెట్టి పోయిండు.

ఇంటికాడ మనవరాలు కాగితం చూసి ‘తాతా, పద్నాలుగు మూడొందలంటివి గద’ అన్నదట. తెల్లారి మొదటి బస్సుకే వచ్చిండు. లొల్లి చేయలే. కాగితం ఎన్నిసార్లు ఇప్పి చూసుకున్నడో, మడత కాడ చినిగింది. ‘కొడుకా, ఒక్కపారి చూడు, నాదే తప్పైతదేమో’ అన్నడు.

పైసలు ఆ గంటలనే ఇప్పిచ్చిన. కని ఆ పిల్ల చూడకపోతే? ఇట్లాంటియి ఇంకెన్ని ఉన్నయో అని పాత పుస్తకాలు ముందటేసుకొని కూసుంటున్న. ఫోన్ ఎత్తకుంటే ఒక రైతుకు తిప్పలు, ఎత్తితే ఇంకో రైతుకు నష్టం. ఏం చేయాలె?

జవాబు (నయీంనగర్)

అన్నా, గ్రూపులన్ని మ్యూట్‌ల పెట్టు. నేను పోటీ పరీక్షలకు చదువుతున్న. ఫోన్ పక్క రూముల పెట్టినంకనే నాకు లెక్కలు కుదిరినయి.

జవాబు (ప్రశ్న అడిగినాయన)

గ్రూపులు పెట్టిన తమ్మీ. నాకు అడ్డమొచ్చేటియి మనుషుల కాల్స్.

జవాబు (కాజీపేట, రిటైర్డ్ లోకో పైలట్)

తమ్మీ, బండి నడుస్తున్నంతసేపు మా ఫోన్ స్విచాఫ్. అది ఒకటి. రెండోది నీకు అక్కరకొస్తది. సిగ్నల్ కనపడంగనే దాని రంగు నేను గట్టిగ చెప్పాలె, నా అసిస్టెంట్ మళ్ల చెప్పాలె. పచ్చగున్నా చెప్పాలె. కొత్తల ‘ఇద్దరికీ కనపడుతనే ఉన్నది, చెప్పుడెందుకు’ అనుకునేటోన్ని. చెప్పకుంటే పది సిగ్నళ్లు ధ్యాస లేకుండనే దాటిపోతం. నోటితోని అనాల్నంటే కండ్లు అక్కడ ఉండాల్సిందే. నువ్వు కూడ రాసిన రేటు పైకి చదువు, రైతుతోని మళ్ల చెప్పియ్యి. ఆయనకు చదువు రాకపోయినా ఆ రేటు నీకన్న పక్కాగ యాదుంటది. ఆర్నెల్ల కష్టం అది.

జవాబు (హన్మకొండ, సైకాలజీ లెక్చరర్)

పెద్దాయన చెప్పిన ఉపాయానికి కారణం కూడా ఉంది. ఒక అంకెను కాగితం మీద పెట్టేదాకా దాన్ని లోలోపల పలుకుతూ నిలుపుకుంటాం. 1974లో బ్యాడ్లీ, హిచ్ అనే ఇద్దరు మన తాత్కాలిక జ్ఞాపకంలో మాటలకు ఒక దారి, చూపుకు ఇంకో దారి ఉన్నాయని ప్రతిపాదించారు. మీ తక్‌పట్టి అంకె, ఫోన్ అంకె ఒకే దారిలో ఎదురెదురుపడ్డాయి. బస్తాలు చూస్తూ మాట్లాడితే ఇంత చిక్కు రాదు. అంకె రాస్తూ ఇంకో అంకె చెప్పడమే ప్రమాదం, 18 ఏండ్ల అనుభవం దానికి అడ్డుపడదు. 2009లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఒకేసారి పలు మాధ్యమాలు వాడే అలవాటు ఎక్కువున్నవాళ్లు అక్కర్లేనిదాన్ని పక్కకు నెట్టడంలోనూ, పని మారడంలోనూ మిగతావాళ్ల కంటే వెనకబడ్డారు. అలవాటే వాళ్లను అట్లా చేసిందని మాత్రం ఆ పరీక్షతో తేలలేదు.

ఒకేసారి ఎనిమిది పనులు చేసే మన అష్టావధానం ఉంది కదా అంటారు పిల్లలు. ముందు వరసలో కూర్చుని చూడండి. అవధాని ప్రశ్న అడిగే ఒక పృచ్ఛకుడికి ఒక పాదం పూర్తిగా చెప్పాకే రెండోవారి వైపు తిరుగుతారు. ధ్యాస చెదరగొట్టడానికే అప్రస్తుత ప్రసంగమని ఒకరిని కూర్చోబెట్టారంటే, మధ్యలో పడే మాట ఎంత దెబ్బతీస్తుందో పెద్దలకు బాగా తెలుసు.

జవాబు (ప్రశ్న అడిగినాయన)

పెద్దసారూ, లెక్చరర్ మేడమ్, శనార్థులు. వారం నుంచి తక్‌పట్టి రాసేటప్పుడు దుకాణం ఫోన్ మా పిలగానికిస్తున్న. ‘రాస్తున్నడు, ఐదు నిమిషాలకు చేస్తడు’ అని చెప్తున్నడు. సేటు గులిగిండు గని చిట్యాల ముచ్చట యాది చేస్తే ఊకున్నడు.

నిన్న నర్సంపేట నుంచి ఒక అవ్వ వచ్చింది. ‘పదమూడు వేల ఏడొందలు’ అని పైకి చదివిన. ‘ఏడొందల యాభై బిడ్డా’ అన్నది. పాట చీటీ తీసి చూస్తే ఏడొందల యాభయే. అవ్వ ముందటనే కొట్టేసి, దిద్ది, సంతకం పెట్టిన.

పాత పుస్తకాలు జనవరి దాకా చూసుడు అయింది. రెండు పట్టీలు అనుమానంగ ఉన్నయి. ఆ రైతులకు రేపు పొద్దుగాల, పాటకు ముందే ఫోన్ చేస్త.