ఇంటర్ బయాలజీకి వర్చువల్ ల్యాబ్ చాలా? అసలు ల్యాబ్ ఉండాల్సిందేనా?

బైపీసీ నాన్న:
మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. కాలేజీలో ల్యాబ్ గదికి ఎప్పుడు చూసినా తాళమే. అడిగితే "ఇప్పుడన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా సార్, స్క్రీన్ మీద చూపిస్తున్నాం" అన్నారు. ఇంటికొచ్చి నేనూ చూశాను. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ అనే ఆన్‌లైన్ ల్యాబ్‌లో ఉల్లిపొర స్లయిడ్ దగ్గర్నుంచి చాలా ప్రయోగాలున్నాయి. బాగానే ఉన్నాయి. మరి ల్యాబ్ ఫీజని విడిగా కట్టించుకున్నది దేనికి? వాళ్ళతో పోట్లాడాలా, ఊరుకోవాలా?

తెల్లకోటు కల:
ఊరుకోండి అంకుల్. నీట్‌లో 720కి 360 మార్కులు బయాలజీవే. 90 ప్రశ్నల్లో ఒక్కదానికీ మైక్రోస్కోపు తిప్పక్కర్లేదు. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్ పని తీరు పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకు బుర్రకెక్కలేదు, యానిమేషన్ చూశాక ఎక్కింది. డీఎన్ఏ తనకు తాను నకలు తయారుచేసుకోవడం, అదే రెప్లికేషన్, ఏ కాలేజీ ల్యాబ్‌లో చూపిస్తారు చెప్పండి?

బోటనీ మేడమ్:
నెఫ్రాన్, డీఎన్ఏ విషయంలో నువ్వన్నది నిజమే నాన్నా. కంటికి కనపడని వాటికి యానిమేషన్‌ను మించింది లేదు, నేనూ క్లాసులో అవే వేస్తాను. కానీ ఆకు మీది పత్రరంధ్రాలు మామూలు మైక్రోస్కోపులో కనపడేవే కదా.

పైన పచ్చగా, అడుగున ఊదాగా ఉండే రియో ఆకు ఒకటి తెచ్చుకో. కుండీల్లో పెంచుతారు, నర్సరీల్లో దొరుకుతుంది. వాలుగా మడిచి చింపితే అంచున పలచటి ఊదా పొర వస్తుంది. దాన్ని స్లయిడ్ మీద నీటి చుక్కలో పెట్టి, కవర్‌స్లిప్‌ను ఓ పక్కనుంచి మెల్లగా వాల్చాలి. గబుక్కున పడేస్తే గాలి బుడగలు చేరతాయి. ఏటా మా పిల్లల్లో సగంమంది నల్లటి అంచున్న ఆ బుడగలనే కణాలనుకుని రికార్డులో గీసేస్తారు! కంప్యూటర్‌లో మౌస్‌తో లాగి వదిలితే ఒక్క బుడగా రాదు. మరి ఏది కణమో, ఏది కాదో పిల్లకి తెలిసేదెట్లా?

తర్వాత ఓ పక్క ఉప్పునీటి చుక్క వేసి, రెండో పక్కనుంచి బ్లాటింగ్ పేపర్‌తో లాగు. ఊదా రంగు కణం గోడను వదిలి లోపలికి ముడుచుకోవడం నీ కళ్ళముందే జరుగుతుంది. మళ్ళీ మంచినీళ్ళు పంపితే చాలా కణాలు కోలుకుంటాయి. ఉప్పు మరీ ఎక్కువైతే కోలుకోవు. ఈ ముడుచుకోవడాన్నే ప్లాస్మాలిసిస్ అంటారు. దాని మీద ఏ ప్రశ్న వచ్చినా ఇది చూసినవాడు తడుముకోడు.

పాత జువాలజీ బ్యాచ్:
అన్నిటికీ అసలుదే కావాలంటే ఎట్లా మేడమ్? మా రోజుల్లో కప్పను కోయించేవారు. ఫార్మలిన్ వాసనకి అన్నం సహించేది కాదు. నాళం తెగితే ఇంకో కప్ప. ఆ కోతలు ఆపాలని యూనివర్సిటీలను చూసే యూజీసీ 2011లోనే చెప్పింది, 2014లో ఇంకా గట్టిగా చెప్పింది. వర్చువల్ డిసెక్షన్‌లో ఎన్నిసార్లు తప్పు కోసినా ప్రాణం పోదు. ఈ ఒక్క విషయంలో నా ఓటు స్క్రీన్‌కే.

శాన్‌హోసే పిన్ని:
ఇక్కడ కాలిఫోర్నియాలో పిల్లలు వద్దంటే డిసెక్షన్ బదులు వేరే పని ఇవ్వడానికి 1988 నుంచీ చట్టం ఉంది. మా వాడు వర్చువల్‌దే తీసుకున్నాడు. దానికీ ఆకు పొరకీ పోటీ ఏముంది? ఆకు చింపడానికి ఎవరు అడ్డొచ్చారు?

జిల్లా పరిషత్ సైన్స్ సార్:
అడ్డొచ్చేది డబ్బు పిన్నిగారూ. క్లాసు నిండా పిల్లలు, పనిచేసే మైక్రోస్కోపు ఒక్కటి. గంటలో అందరి వంతూ రాదు. స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన ఫోల్డ్‌స్కోప్ అని కాగితం మైక్రోస్కోపు ఉంది, 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. దానికి పత్రరంధ్రాలు అందుతాయి. అది లేనిచోట నేను ప్రభుత్వ పాఠాల పోర్టల్ దీక్షా క్యూఆర్ కోడ్ వీడియోలే వేస్తాను, తప్పేం లేదు.

నా గొడవ వేరే. యూట్యూబ్‌లో దొరికిందల్లా పాఠమైపోతోంది. నాలుక కొసన తీపి, వెనక చేదు అని రంగులు వేసిన బొమ్మ ఇంకా తిరుగుతూనే ఉంది. 1901లో ఓ జర్మన్ శాస్త్రవేత్త కొలిచిన చిన్న తేడాలను తర్వాతివాళ్ళు పెద్దవి చేసి గీసిన బొమ్మ అది. మా ఎనిమిదో తరగతి పిల్లలచేత పంచదార నాలుక పక్కల పెట్టించాను. "సార్, ఇక్కడా తియ్యగానే ఉంది, మరి వీడియోలో?" అని నన్నే నిలదీశారు.

బైపీసీ నాన్న:
అయితే ప్రిన్సిపాల్ గారిని అన్నీ అడగను. కప్పలూ బొద్దింకలూ స్క్రీన్ మీదే ఉండనీ. వారానికి ఒక పీరియడ్ ల్యాబ్ తాళం తీయించి, బోటనీ స్లయిడ్లు పిల్లలచేతే చేయించమంటాను. కాదంటే ల్యాబ్ ఫీజు వెనక్కి ఇమ్మంటాను.

తెల్లకోటు కల:
మేడమ్, ఎంత చేసినా ప్రాక్టికల్స్‌లో ఎగ్జామినర్ చూసేది రికార్డే కదా? సంతకం పడిందా లేదా, అంతే.

బోటనీ మేడమ్:
అట్లా చూసేవాళ్ళూ ఉన్నారు, కాదనను. నేను ఎగ్జామినర్‌గా వెళ్ళిన చోట మాత్రం స్లయిడ్ ఫోకస్ చేసి చూపించమంటాను. గాలి బుడగను చూపిస్తే మార్కులు పడవు.