గెస్ట్ లెక్చర్లకి హాజరు తప్పనిసరి చేయాలా, వద్దా?

మద్దిలపాలెం_మేడమ్:
విశాఖలో ఒక యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చెబుతాను. మా డిపార్ట్‌మెంట్‌లో గెస్ట్ లెక్చర్లు ఏర్పాటు చేసే పని మూడేళ్లుగా నా మీదే ఉంది. పోయిన నెల జరిగిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

హార్బర్ పనుల్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన ఒక ఇంజనీరు గారిని పిలిచాం. ఆర్కే బీచ్‌లో ఇసుక ఎందుకు కోసుకుపోతోంది అన్నది విషయం. ఈ ఊళ్లో సివిల్ చదివే పిల్లలకి ఇంతకంటే దగ్గరి విషయం ఇంకేం ఉంటుంది? సెకండియర్, థర్డియర్ వాళ్లందరూ తప్పకుండా రావాలని సర్క్యులర్ వేశాం. రెండు వందల కుర్చీలు నిండాయి.

సభ రెండున్నరకి. ప్రార్థన గీతం, జ్యోతి ప్రజ్వలన, బొకేలు, అతిథి పరిచయం, వేదిక మీదున్న ఏడుగురూ తలా నాలుగు మాటలు, శాలువా. ఆయన చేతికి మైకు వచ్చేసరికి మూడూ ఇరవై. నాలుగింటికి బస్సులు. మూడు ముప్పావు నుంచే బ్యాగుల జిప్పుల చప్పుడు మొదలైంది. ఆయన విన్నారు. యాభై స్లైడ్లు తయారు చేసుకొచ్చిన మనిషి, పద్నాలుగో దాని దగ్గర ఆపేసి, "మీకు బస్సు టైమైనట్టుంది, బయల్దేరండమ్మా" అన్నారు. కోప్పడినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

తర్వాత బయట మెట్ల దగ్గర టీ తాగుతుంటే ఆరుగురు పిల్లలు ఆయన దగ్గరికి వచ్చారు. "సార్, ఇసుక ఎటు నుంచి ఎటు పోతుంది?" అని ఒకమ్మాయి అడిగింది. ఆయన కప్పు మెట్టు మీద పెట్టి, ఫీడ్‌బ్యాక్ ఫారం వెనక్కి తిప్పి, పెన్నుతో తీరం గీశారు. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర హార్బర్ గోడలు దాన్ని ఆపేస్తాయి. ఇవతల బీచ్‌కి రావాల్సింది రాదు, ఉన్నది మాత్రం పోతూనే ఉంటుంది. అందుకే అక్కడ పేరుకున్న ఇసుకని డ్రెడ్జర్‌తో తవ్వి, పైపుల్లో ఇటు పంపు చేస్తారు. ముప్పావు గంట నిలబడే చెప్పారు. ఆ ఆరుగురూ బస్సు వదులుకున్నారు.

ఇప్పుడు నా మాట ఇది. హాజరు తీసుకోవడం మానేద్దాం. ఇష్టమున్నవాళ్లే రానీ, ముప్పై మంది వచ్చినా చాలు. మా హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

గాజువాక_కుర్రాడు:
నూటికి నూరు పాళ్లు నిజం మేడమ్. నేను పాసై నాలుగేళ్లయింది. చదివిన రోజుల్లో కనీసం ఇరవై గెస్ట్ లెక్చర్లకి కూర్చోబెట్టి ఉంటారు. ఒక్కదాంట్లో ఏం చెప్పారో గుర్తులేదు. ఒకసారైతే తలుపులకి బయట గడియ పెట్టారు. గడియ పెట్టి ఎవరికి ఏం నేర్పుతారు?

పాతికేళ్ల_సర్వీసు:
మేడమ్, మీ బాధ నాకు అర్థమైంది. అయినా మీతో ఏకీభవించలేను. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

ఇష్టమున్నవాళ్లే రండి అంటే వచ్చేది ఎవరు? ప్రతిసారీ ఆ ముప్పై మందే. హాస్టల్లో ఉండేవాళ్లు, మొదటి బెంచీ వాళ్లు, ఇంట్లో చదువుకున్న పెద్దలున్నవాళ్లు. పాడేరు నుంచో పార్వతీపురం నుంచో వచ్చి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లాడు "ఇది మనకి కాదులే" అనుకుని వెళ్లిపోతాడు. వాడికి ఇష్టం లేక కాదు. దేన్ని ఇష్టపడొచ్చో వాడికి ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

నా సంగతే చెబుతాను. మాది నర్సీపట్నం దగ్గర పల్లెటూరు. డిగ్రీ రెండో ఏడాదిలో వాతావరణ శాఖ నుంచి ఒకాయన మా కాలేజీకి వచ్చారు. రిజిస్టర్లో గైర్హాజరు పడుతుందన్న భయంతో చివరి వరసలో కూర్చున్నాను. దేశంలో మొట్టమొదటి తుఫాను రాడార్ 1970లో పెట్టింది మన విశాఖలోనేనని ఆయన చెప్పారు. అది పంపిన తరంగం వాన చినుకులకి తగిలి తిరిగొస్తే మబ్బు ఎంత దూరంలో ఉందో ఎలా తెలుస్తుందో బోర్డు మీద గీసి చూపించారు. మా ఊరి వరి ప్రతి రెండు మూడేళ్లకోసారి తుఫానుకి పడిపోయేది. అది ముందే తెలుసుకునేవాళ్లున్నారని ఆ రోజే తెలిసింది. నేను తర్వాత వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను, ఈ ఉద్యోగంలోకి వచ్చాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు కిటికీలు ఊగిపోతుంటే నాకు ఆయనే గుర్తొచ్చారు.

ఆ రోజు హాజరు తీసుకోకపోయి ఉంటే నేను మ్యాట్నీకి పోయేవాణ్ని. ఇది మాత్రం ఖాయం.

విజయనగరం_ప్యాసింజర్:
సార్, మేడమ్, నేను ఇప్పుడు ఫైనలియర్. రోజూ విజయనగరం నుంచి రైల్లో వస్తాను. మా వైపు నుంచి కూడా ఒకసారి వినండి.

గెస్ట్ లెక్చర్ అంటే మాకు ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. "రేపు ఎఫ్‌ఎన్ (ఉదయం పూట) ఆడిటోరియం, యూనిఫాం తప్పనిసరి, ఐడీ కార్డు తప్పనిసరి." అంతే. వచ్చేది ఎవరు, ఏటి చెప్తారు, ఏమీ ఉండదు. హాల్లోకి వెళ్లగానే ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు పెడతారు. అతిథి మైకు ముట్టుకోకముందే మేము "చాలా ఉపయోగకరం" అని నొక్కేసి ఉంటాం. ఆ ఫారం నింపితేనే హాజరు పడుతుంది కాబట్టి. నాకు అది చేసిన ప్రతిసారీ మనసుకి కష్టంగానే ఉంటుంది.

ఇంకో మాట. మాలో చాలామందిమి తెలుగు మీడియం. మొదటి పది నిమిషాలు ఇంగ్లిష్ వేగం అందకపోతే తర్వాత ఏం చెప్పినా చెవికెక్కదు. విషయం ఏమిటో ఒక పేజీ తెలుగులో వారం ముందు ఇవ్వండి. మేము చదువుకుని వస్తాం. వచ్చాక అడుగుతాం కూడా.

మద్దిలపాలెం_మేడమ్:
సార్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ చివరి వరస గురించి నేను నిజంగా ఆలోచించలేదు. మెట్ల దగ్గరికి వచ్చిన ఆరుగురిలో నలుగురు మా టాపర్లే. ఇప్పుడు మీరు చెప్పాక గుర్తొస్తోంది.

కానీ ఒక్కటి అడుగుతాను. మిమ్మల్ని పట్టుకున్నది హాజరు రిజిస్టరా, ఆయన బోర్డు మీద గీసిన బొమ్మా? అదే రోజు ఏడుగురు పెద్దల ప్రసంగాలై, ఆయనకి ఇరవై నిమిషాలే మిగిలి ఉంటే మీరు ఎక్కడ ఉండేవారు?

బాబూ, ఒక పేజీ తెలుగులో అన్న మాట బాగుంది. మూడేళ్లలో నాకెప్పుడూ తట్టలేదు. సర్క్యులర్ రాయడానికి పట్టే టైములోనే అదీ రాయొచ్చు.

పాత_వాల్తేరు:
ఈ ఊరికి ఈ సంప్రదాయం కొత్తది కాదు కాబట్టి ఒక పాత సంగతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే మన ఆంధ్రా యూనివర్సిటీ, 1926లో పుట్టింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్. ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 వరకు ఉన్నారు. ఆ కాలంలోనే, 1933లో, రవీంద్రనాథ్ ఠాగూర్ వాల్తేరు వచ్చి మానవుడి గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. మన హార్బర్ తెరిచింది కూడా ఆ ఏడాదే. మేడమ్ పిలిచిన ఇంజనీరు గారికి ఈ ముక్క చెబితే సంతోషిస్తారు.

అవి ఎండోమెంట్ ఉపన్యాసాలు. అంటే ఒక దాత కొంత మూలధనం యూనివర్సిటీ దగ్గర ఉంచుతారు, దాని వడ్డీతో వక్తని పిలుస్తారు. వక్త రాసుకుని వస్తారు, తర్వాత అది అచ్చవుతుంది. ఠాగూర్ ఉపన్యాసాలూ అలాగే పుస్తకమయ్యాయి. హాల్లో ఎంతమంది కూర్చున్నారన్నది ఈ రోజు ఎవరికీ అక్కర్లేదు, ఆ మాటలు మాత్రం చదువుకోవచ్చు. ఇప్పుడు మనం చేసే సభల్లో మిగిలేది ఫ్లెక్సీ ముందు దిగిన గ్రూపు ఫొటో ఒక్కటే. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి వచ్చి మాట్లాడితే కనీసం ఫోన్లోనైనా రికార్డు చేసి లైబ్రరీలో పెట్టాలి కదా? హాజరు మీద ఇంత వాదించుకుంటున్నాం, దీని గురించి అడిగేవాళ్లే లేరు.

షిప్‌యార్డ్_రిటైర్డ్:
నేను అతిథిగా వెళ్లేవాడిని. ఏడాదికి నాలుగైదు చోట్ల పిలుస్తారు. వేదిక మీద కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో చెబుతాను.

బలవంతంగా వచ్చిన హాలు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. మొదటి రెండు వరసలూ ఖాళీ, లేదా స్టాఫ్. పిల్లలంతా వెనక. అయినా నాకు వాళ్ల మీద కోపం రాదు. పొద్దుటి నుంచి క్లాసులు విని, అన్నం తిని వచ్చి, ఏసీ హాల్లో చీకట్లో కూర్చుంటే ఎవరికైనా కళ్లు మూతలు పడతాయి.

డబ్బు సంగతి కూడా దాచను. ఒకచోట గౌరవ పారితోషికం ఇస్తామని పాన్ కార్డు కాపీ, క్యాన్సిల్డ్ చెక్కు, రెవెన్యూ స్టాంపు అంటించిన రసీదు అన్నీ తీసుకున్నారు. ఏడు నెలల తర్వాత, ఫైల్లో ఒక సంతకం తక్కువని మళ్లీ అన్నీ అడిగారు. ఆ కొద్ది మొత్తం కోసం ఫోన్లు చేయడం నాకు సిగ్గనిపించి వదిలేశాను. పిలిచే కోఆర్డినేటర్ తప్పు కాదది, పాపం ఆవిడ తన జేబులోంచి ఇవ్వబోయింది. ఇవ్వలేకపోతే ముందే ఇవ్వలేమని చెప్పండి, ఉచితంగానే వస్తాం.

నాకు బాగా గుర్తున్నది ఒక్కటే సభ. వారం ముందు ఒక లెక్చరర్ ఫోన్ చేసి, "సార్, మావాళ్లు వెల్డింగ్ థియరీ చదివారు కానీ కళ్లతో చూడలేదు, అక్కడి నుంచి మొదలుపెట్టండి" అన్నాడు. హాలు కాదు, మామూలు క్లాస్‌రూం. నల్లబల్ల, అరవై మంది. సగం తెగిన రెండు వెల్డింగ్ ముక్కలు సంచీలో పట్టుకెళ్లాను. బెంచీలన్నీ తిరిగొచ్చేసరికి ప్రశ్నలు ఆగలేదు. వాళ్లకి హాజరు వేశారో లేదో నాకు తెలీదు.

ఫైళ్ల_సెక్షన్:
కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థ అంటే అందరూ భయపడతారు కాబట్టి ఒక మాట. నేను ఆ ఫైళ్లు తయారుచేసే పనిలో ఉన్నాను. జియోట్యాగ్ ఫొటోలు (తీసిన చోటు నమోదైనవి), సంతకాల షీటు, చిన్న రిపోర్టు పెడతాం. కుర్చీలన్నీ నిండాయా అని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ముప్పై మంది ఉన్న ఫొటో కూడా ఫొటోయే.

గాజువాక_కుర్రాడు:
పాతికేళ్ల సర్వీసు సార్, మీ కథ విన్నాక నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మీలాంటి ఒక్కరి కోసం నూట తొంభై తొమ్మిది మందిని బంధించడం న్యాయమా సార్?

పాతికేళ్ల_సర్వీసు:
బాబూ, ఆ ఒక్కడు ఎవడో ముందే తెలిస్తే మిగతావాళ్లని వదిలేసేవాణ్నే. తెలియదు కాబట్టే అందరినీ కూర్చోబెట్టమంటాను. గడియ పెట్టడం మాత్రం తప్పు, అది ఎవరు చేసినా తప్పే.

మేడమ్ అడిగినదానికి జవాబు: నన్ను పట్టుకున్నది బొమ్మే. నన్ను ఆ బొమ్మ ముందు కూర్చోబెట్టింది రిజిస్టరు. రెండూ కావాలి. మీరు రిజిస్టరు తీసేయకండి, ఏడుగురిని తీసేయండి. శాలువాలు, బొకేలు హెచ్‌ఓడీ గారి గదిలో టీతో పాటు అయిపోవచ్చు. పెద్దలు నొచ్చుకుంటారని మీ భయం, నాకు తెలుసు. నేనూ ఆ వేదికల మీద కూర్చున్నవాడినే. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకసారి, "సార్, ఈసారి మీరు మొదటి వరసలో కూర్చుని పిల్లల తరఫున మొదటి ప్రశ్న అడగాలి" అని నన్ను కోరారు. నాకు అది శాలువా కంటే గౌరవంగా అనిపించింది. మీ పెద్దల్నీ అలా అడిగి చూడండి.

మద్దిలపాలెం_మేడమ్:
నిన్న సాయంత్రం ఆ ఇంజనీరు గారికి ఫోన్ చేశాను. ముందు క్షమించమని అడిగాను. "అదేం మాటమ్మా" అని, మిగిలిన ముప్పై ఆరు స్లైడ్ల సంగతి ఆయనే ఎత్తారు. "హాల్లో వద్దు, బీచ్‌కి తీసుకురండి. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నిలబడి దక్షిణానికి చూస్తే అన్నీ కనిపిస్తాయి. హార్బర్ కట్టినప్పుడు అలలకి అడ్డంగా రెండు పాత ఓడల్ని ముంచారు, ఆ చోటు ఎటువైపో అక్కడి నుంచి చూపిస్తాను" అన్నారు.

హెచ్‌ఓడీ గారితో మాట్లాడాను. థర్డియర్‌లో ఒక సెక్షన్, అరవై మంది. ల్యాబ్ పీరియడ్ కింద టైంటేబుల్లోనే పెడుతున్నాం, కాబట్టి హాజరు ఉంటుంది. సార్ మాట నెగ్గిందనుకోండి. వేదిక లేదు, మైకు లేదు, ఒక పేజీ తెలుగులో నేనే రాసి ఇస్తాను. రికార్డింగ్ మా ల్యాబ్ అసిస్టెంట్ చేస్తానన్నాడు. మిగిలిన సెక్షన్లకి మాత్రం ఇష్టమైతేనే రమ్మని చెబుతాను, ఎంతమంది వస్తారో చూడాలని ఉంది. ఉదయం ఏడింటికి అనుకుంటున్నాం, ఎండ ఎక్కక ముందు.

విజయనగరం_ప్యాసింజర్:
మేడమ్, ఏడింటికి పెడితే మా వైపు నుంచి వచ్చేవాళ్లెవరూ అందుకోలేరు. అనకాపల్లి వాళ్లకీ కష్టమే. తొమ్మిదిన్నర చేయండి. ఎండైనా పర్వాలేదు, టోపీలు తెచ్చుకుంటాం. నేను థర్డియర్ కాదు, మీ యూనివర్సిటీ కూడా కాదు. నేనూ రావచ్చా?

మద్దిలపాలెం_మేడమ్:
రండి బాబూ. తొమ్మిదిన్నరకే పెడతాను.